నీట్ వద్దు, పూల మొక్కల బొమ్మలేస్తానంటోంది

ప్రశ్న: మా పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ రాయనంటోంది. ఎప్పుడు చూసినా వాటర్ కలర్స్‌తో పూల మొక్కలు వేస్తూ కూర్చుంటుంది, అదే కెరీర్ అంటోంది. ఈ పని కూడు పెడుతుందా సార్? - ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ముందు డబ్బు సంగతే చెప్తానమ్మా. నెలనెలా జీతమొచ్చే బొటానికల్ ఇలస్ట్రేటర్ (శాస్త్రం కోసం మొక్కల బొమ్మలు వేసేవాళ్లు) ఉద్యోగాలు మన దగ్గర చాలా తక్కువ. పరిశోధన పత్రాలకు, పుస్తకాలకు బొమ్మలు వేయడం, క్లాసులు చెప్పడం, ఒరిజినల్స్ అమ్మడం, ఇలా నాలుగు వైపుల నుంచి కూడగట్టుకోవాలి. కాబట్టి పక్కన ఇంకో ఆధారం ఉండాలి.

నా మాటైతే బీఎస్సీ బోటనీలో చేర్చండి. ఎందుకంటే ఇది పువ్వును అందంగా వేసే పని కాదు. బతుకమ్మకు తెచ్చే తంగేడునే తీసుకోండి. పసుపు రంగు బాగా కుదిరితే చాలదు, పది కేసరాల్లో మూడు వంధ్య కేసరాలని, అంటే పుప్పొడి ఇవ్వనివని కనిపించాలి, ఆకులో పత్రకాల (ఆకులోని చిట్టి ఆకుల) జతల మధ్య ఉండే చిన్న గ్రంథులు, ఆకు కాడ మొదట్లో చెవుల్లా ఉండే పత్రపుచ్ఛాలు కూడా వేయాలి, లేకపోతే శాస్త్రజ్ఞుడికి ఆ బొమ్మ పనికిరాదు. కొలతలు డివైడర్‌తో తీసుకోవాలి, పువ్వు వాడిపోయేలోపే రంగులు కలిపి చూసి రాసిపెట్టుకోవాలి. కాగితం నున్నగా ఉండే హాట్ ప్రెస్డ్, 300 జీఎస్‌ఎమ్ కొనివ్వండి, గరుకు కాగితం మీద సన్న గీతలు సరిగ్గా రావు.

ఇదేదో ఫారిన్ వాళ్ల సరదా అనుకోకండి. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద పనిచేసిన బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్‌కు బొమ్మలేసింది రంగయ్య, గోవిందు. గోవిందు పేరు మీద వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికే పేరు పెట్టాడు.

లేదు, ఆర్ట్ కాలేజీయే కావాలని పట్టుబడితే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది, ఎంట్రన్స్ రాయాలి. కానీ అక్కడ మొక్క భాగాలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, అది తనే నేర్చుకోవాలి. నీట్ విషయంలో మాత్రం బలవంతం వద్దు, ఇష్టం లేకుండా లాంగ్ టర్మ్‌లో కూర్చోబెడితే టెన్షన్ తప్ప మిగిలేదేం ఉండదు.

ఇప్పుడైతే ఒక పని చేయించండి. తంగేడు కొమ్మ ఒకటి పూర్తిగా, విడి భాగాలతో సహా వేయమనండి. దాన్ని బోటనీ లెక్చరర్‌కు చూపించి తప్పులు చెప్పమని అడగమనండి. చెప్పినవన్నీ దిద్దుకుని మళ్లీ మొదటి నుంచి వేసిందంటే రెండు బొమ్మలూ ఫొటో తీసి నాకు పంపండి, డిగ్రీ కాలేజీల గురించి అప్పుడు మాట్లాడదాం.