చవక రీడరూ, పుస్తకానికి తాళమూ

ప్రశ్న: విదేశానికి కొత్తగా వచ్చాం. ఈబుక్‌లు చదివే రీడర్ కొనాలి. అమెజాన్ వాళ్ల కిండిల్ చవగ్గా దొరుకుతోంది, కోబో కాస్త ఖరీదు. తెలుగు పుస్తకాలూ చదవాలి. ఏది కొనమంటారు?

జవాబు: పెట్టె మీది ధర చూసి తేల్చుకోకండి. చవక కిండిల్ తెర ఆపినప్పుడల్లా ప్రకటనలు చూపిస్తుంది. అవి వద్దంటే అమెరికాలో మరో 20 డాలర్లు కట్టాలి. ఆ పైన ఏళ్ల తరబడి పుస్తకాలు అమెజాన్ కొట్లోనే కొంటారు. అసలు ఖర్చు అక్కడుంది.

ఫార్మాట్ (ఫైలు రకం) వేరు, తాళం (పుస్తకాన్ని కాపీ చెయ్యకుండా, వేరే చోట తెరవకుండా పెట్టే అడ్డు, డీఆర్ఎమ్) వేరు. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. ఈపబ్ ఎవరైనా వాడుకోగల ఫార్మాట్, నిజానికి అదొక జిప్ ఫైలు. ఒక కాపీ తీసి జిప్‌గా పేరు మార్చి విప్పండి. మెటా-ఇన్ఫ్ ఫోల్డర్లో రైట్స్ డాట్ ఎక్స్‌ఎమ్ఎల్ కనబడిందా, అడోబీ తాళం పడినట్టే. కొట్టువాడు ఏసీఎస్ఎమ్ ఫైలిస్తే అది పుస్తకం కాదు, చీటీ మాత్రమే. కంప్యూటర్‌లో అడోబీ డిజిటల్ ఎడిషన్స్ అనే ప్రోగ్రాంలో తెరిస్తే పుస్తకం దిగుతుంది. అక్కడ కంప్యూటర్‌ని అడోబీ ఐడీ లేకుండా ఆథరైజ్ చెయ్యకండి, పుస్తకం ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది.

కిండిల్‌వి సొంత ఫార్మాట్లు: ఏజెడ్‌డబ్ల్యూ3, కేఎఫ్ఎక్స్. యూఎస్‌బీతో ఎక్కించిన ఈపబ్ దాని కంటికి ఆనదు. సెండ్ టు కిండిల్ వెబ్ పేజీలో వేస్తే (200 ఎంబీ దాకా) మార్చి పంపిస్తుంది, తాళం లేకపోతేనే. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీతో ఎక్కించుకునే వీలును 2025 ఫిబ్రవరి 26 నుంచి అమెజాన్ తీసేసింది.

ఊరి లైబ్రరీ ఈబుక్‌లు లిబ్బీ (లైబ్రరీ పుస్తకాలు అరువిచ్చే యాప్) నుంచి కిండిల్‌కి వెళ్లేది అమెరికాలో మాత్రమే. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉంటే కోబోయే నయం, లైబ్రరీ పుస్తకాలు అరువు తెచ్చుకునే ఓవర్‌డ్రైవ్ సేవ అందులోనే ఉంటుంది.

ఇక తెలుగు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు 6 అంగుళాల తెర మీద చీమల బారులే. అవే ఎక్కువుంటే 10 అంగుళాలది చూసుకోండి. ఈపబ్ అయితే, రీడర్ వాపసు గడువు దాటకముందే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ ఉన్న పేజీ ఒకటి తెరవండి. ఒత్తులు కిందికి దిగకుండా పొల్లుతో విడివిడిగా నిలబడ్డాయంటే తప్పు ఫైలుది కాదు, అక్షరాలు కూర్చే ఇంజన్‌ది. డబ్బాలు కనబడితే మాత్రం ఫాంట్ లేనట్టు. రీడర్లోని ఫాంట్స్ ఫోల్డర్లో తెలుగు ఫాంట్ వేస్తే సరి. కోబోలో మామూలు ఈపబ్‌కి ఒక ఇంజన్, కెపబ్‌కి (కోబో సొంత ఈపబ్ రకం) ఇంకొకటి. ఒత్తులు చెదిరితే క్యాలిబర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో కెపబ్‌గా మార్చి మళ్లీ చూడండి. అప్పటికీ కుదరకపోతే వాపసు ఇచ్చెయ్యండి.