ఎమ్మెల్టీ చదివే అమ్మాయికి మాలిక్యులర్ కోర్సు తొందరేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ చివరి సంవత్సరంలో ఉంది. సీఎస్‌ఎఫ్ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) లాంటి శరీర ద్రవాల పరీక్షల్లో పట్టు సాధిస్తానంటోంది. అన్నీ మెషీన్లే చేసేస్తుంటే ఇంకా మైక్రోస్కోపేమిటి? జన్యు పదార్థాన్ని బట్టి జబ్బును పట్టే మాలిక్యులర్ డయాగ్నస్టిక్స్ కోర్సులో చేరమంటున్నాను. పైగా మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) శాంపిల్స్ ముట్టుకోవాలంటే భయం. రెండింట్లో ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, మీ బెంగ వేరు. అమ్మాయి ల్యాబ్‌లో ఒక మూల బల్ల దగ్గరే ఉండిపోతుందేమోనని. ముందు ఆ బల్ల మీద ఏం జరుగుతుందో వినండి.

నడుము దగ్గర వెన్నుపూసల మధ్య సూది గుచ్చి తీసిన ఈ సీఎస్‌ఎఫ్ మూడు నాలుగు ట్యూబుల్లో కొద్దికొద్దిగా వస్తుంది. రక్తంలాగా 'చాల్లేదు, మళ్లీ తీయండి' అనడం కుదరదు. మామూలుగా మొదటి ట్యూబు బయోకెమిస్ట్రీకి, రెండోది మైక్రోబయాలజీకి, మూడోది సెల్ కౌంట్‌కి వెళ్తాయి. సూది తగిలి చిన్న రక్తనాళం తెగితే మొదటి ట్యూబు ఎర్రగా ఉండి, పోనుపోను తేటపడుతుంది. అన్నీ ఒకేలా ఎర్రగా ఉండి, సెంట్రిఫ్యూజ్ చేశాక పైన తేరిన ద్రవం పసుపుగా కనిపిస్తే మెదడు చుట్టూ రక్తస్రావం జరిగిందేమోనని అనుమానించాలి. ట్యూబుల నంబర్లు తారుమారైతే ఈ పోలికకే అర్థం ఉండదు.

ఇక టైము. గది ఉష్ణోగ్రతలో రెండు గంటలుంచితే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల్లో దాదాపు సగం పగిలిపోతాయి. పాడవకూడదని ఎవరైనా కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) ట్యూబును ఫ్రిజ్‌లో పెట్టారా, మెనింగోకాకస్, హిమోఫిలస్ బ్యాక్టీరియా చలికి చచ్చిపోయి ప్లేటు మీద ఏమీ పెరగకపోవచ్చు. జబ్బు ఉన్నా రిపోర్టు శుభ్రంగా వస్తుంది!

పెద్దవాళ్లకు తెల్లకణాలు మైక్రోలీటరుకు 5 లోపే ఉండాలి. కణాలు లెక్కపెట్టే గడుల గాజు పలక, న్యూబౌర్ చాంబర్‌లోని తొమ్మిది పెద్ద గడుల్లో పట్టేది 0.9 మైక్రోలీటరు. పలచన చేయని ద్రవంలో అక్కడ 9 కణాలు కనిపిస్తే మైక్రోలీటరుకు లెక్క 10. రక్తంలో వేలకు వేలు లెక్కపెట్టే మెషీన్లు తడబడేది ఇదిగో, ఈ చిన్న అంకెల దగ్గరే. శరీర ద్రవాల కోసం విడిగా బాడీ ఫ్లూయిడ్ మోడ్ ఉన్నవి మెరుగే కానీ, అనుమానం వస్తే వాటి లెక్కనూ కంటితో సరిచూడాల్సిందే. క్రిప్టోకాకస్ అనే ఫంగస్ చాంబర్‌లో అచ్చం లింఫోసైట్ అనే తెల్లకణంలా కనిపించి మోసం చేస్తుంది. ఇండియా ఇంక్ చుక్క కలిపితే నల్లటి నేపథ్యంలో దాని చుట్టూ తెల్లటి వలయం బయటపడుతుంది. అనుమానం వచ్చి ఆ చుక్క కలపాల్సింది మనిషే.

మాలిక్యులర్‌ను తీసిపారేయడం లేదు. హెర్పిస్, ఎంటెరోవైరస్ పట్టుకోవడానికి వాటి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్‌ను మించింది లేదు. నా అనుమానమల్లా పొట్టి కోర్సుల మీదే. కార్ట్‌రిడ్జ్‌లో శాంపిల్ వేసి బటన్ నొక్కడం వారంలో వచ్చే పని. జబ్బు మొదలైన తొలి రోజుల్లో హెర్పిస్ పీసీఆర్ నెగెటివ్ రావచ్చు. ఒకేసారి చాలా క్రిములను వెతికే మెనింజైటిస్ ప్యానెల్‌కి క్రిప్టోకాకస్ దొరక్కపోవచ్చు, ఆ ఫంగస్ పదార్థాన్ని పట్టే యాంటిజెన్ పరీక్ష విడిగా చేయాలి. తెల్లకణాలు లేవు, ప్రోటీన్ మామూలే, గ్లూకోజ్ రక్తంలో ఉన్నదానిలో 60 శాతం దాకా ఉంది, ప్యానెల్ మాత్రం బ్యాక్టీరియా పాజిటివ్ అంటోంది. అప్పుడు కంటామినేషనేమో (బయటి క్రిమి కలిసిందేమో) చూడండి అని అడగాలంటే బల్ల దగ్గర పని తెలిసి ఉండాలి కదా? పేరులో 'మాలిక్యులర్' ఉంటే చాలని చేర్పించేస్తారు. అక్కడ ఎక్స్‌ట్రాక్షన్ (శాంపిల్ నుంచి జన్యు పదార్థం తీయడం) చేతితో చేయిస్తారో లేదో, ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ ఫెయిలైతే ఏం చేయాలో నేర్పుతారో లేదో అడిగారా? అడగలేదంటే తప్పు మీదే, అమ్మాయిది కాదు.

భయం సంగతికొస్తే, ముప్పు ఎక్కువగా ఉండేది పెరిగిన కల్చర్‌ను బయట బల్ల మీద కదిపినప్పుడు. అందుకే ఆ పని బయోసేఫ్టీ క్యాబినెట్‌లో చేస్తారు. మెనింగోకాకస్ కల్చర్లతో తరచూ పనిచేసేవాళ్లకు టీకా ఉంది. పద్ధతులు సరిగ్గా పాటించే చోట చేరితే ఇంత దిగులు అక్కర్లేదు.

రెండేళ్లు బల్ల దగ్గర పని చేశాక మాలిక్యులర్‌కి వెళ్లడం తేలిక, అటునుంచి ఇటు రావడం కష్టం. ఇంటర్న్‌షిప్‌కి ఇరవై నాలుగు గంటలూ నడిచే ఆసుపత్రి ల్యాబ్ చూసుకోమనండి. ప్రతి కౌంట్ రెండుసార్లు చేసి సీనియర్ లెక్కతో పోల్చుకోమనండి. సీఎస్‌ఎఫ్‌కి వేళాపాళా ఉండదు, రాత్రి డ్యూటీ వద్దని మీరే అడ్డుపడకండి.