రాములవారి అర్ధణా, బొంబాయి సవరను

ట్రెజరీలో షరాబుగా ముప్పై ఏళ్లు చిల్లర ఎంచి కావలిలో రిటైరైనవాణ్ణి. పాత నాణేల గురించి ఈసారి మూడు ఉత్తరాలు. మొదటిది చదవగానే నాకే టెన్షన్ పట్టుకుంది, అందుకే దానికి చోటు ఎక్కువ.

ప్రశ్న: మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఒక రాగి నాణెం దొరికింది. ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం, రెండోవైపు ‘ఈస్ట్ ఇండియా కంపెనీ, అర్ధణా, 1818’ అని ఇంగ్లీషులో ఉంది. ఇరవై లక్షలిస్తానని ఫోన్లో ఒకాయన అంటున్నాడు. ముందు రిజిస్ట్రేషన్ కింద 2,500 పంపమంటున్నాడు. పంపమంటారా?
– ఒక గృహిణి, పొదిలి

జవాబు: వద్దమ్మా, ఒక్క రూపాయి కూడా పంపొద్దు. కొనేవాడు మనకు డబ్బివ్వాలి గానీ మన దగ్గరే వసూలు చేయడమేంటి? కొందరు రిజర్వ్ బ్యాంకు పేరు కూడా వాడుకుంటున్నారు. పాత నోట్లు, నాణేల బేరాలతో తమకు సంబంధం లేదనీ, వాటికి ఏ ఫీజూ అడగమనీ ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది.

ఇక నాణెం సంగతి. కంపెనీ అలాంటి అర్ధణా ఎన్నడూ వేయలేదు. 1835 నాటి అసలు అర్ధణా మీద కంపెనీ చిహ్నం, దానికి అటూ ఇటూ సింహాలు ఉంటాయి. మీది తర్వాత ఎవరో అమ్మకానికి చేసిన బిళ్ల. దేవుడి గూట్లో పెట్టుకోండి, దానికి అదే చోటు.

అలాగని కంపెనీ మన దేవుళ్ల జోలికి రాలేదనుకోకండి. ఇద్దరు దేవేరులతో వేంకటేశ్వరస్వామి ఉన్న బంగారు వరహాలు మద్రాసులో వేసింది. 1807 ప్రాంతపు వెండి అర వరహా మీద ఒకవైపు గుడి గోపురం, ఇంకోవైపు విష్ణువు. ఇంగ్లీషు, పారసీ, తమిళంతో పాటు మన తెలుగు అక్షరాలు కూడా! నెల్లూరు సీమ 1801లో కంపెనీ చేతికొచ్చింది. శిస్తు వసూలు చేసుకునేవాడు జనం నమ్మే బొమ్మ వేయక ఏం చేస్తాడు?

నాకు మాత్రం 1808 నాటి ఇరవై కాసుల రాగి నాణెమంటే ప్రాణం. బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టి మద్రాసుకు పంపారు. 1809 జనవరిలో వాటిని తెస్తున్న ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ ఓడ ఇంగ్లండు తీరంలోనే గుడ్‌విన్ ఇసుకదిబ్బల మీద మునిగిపోయింది. 1980ల్లో ఆ నాణేలను పైకి తీశారు. నాది అంత గొప్పది కాదు. కావలి స్టేషన్ దగ్గర పాత ఇత్తడి కొట్టులో తూకంరాళ్ల మధ్య దొరికింది, సగం అరిగిపోయింది. అయితేనేం, సముద్రంలో పడకుండా ఇక్కడిదాకా వచ్చి ఉప్పూ చింతపండూ కొన్న నాణెం అది.

ప్రశ్న: తాతయ్య దాచిన 1911 వెండి రూపాయి నల్లబడింది. చింతపండుతో తోమొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, దర్శి

జవాబు: ఈపాటికే తోమెయ్యలేదు గదా నాయనా! ఆ ఏడాది ఐదో జార్జి రూపాయిలో రాజు వస్త్రం మీద చిన్న ఏనుగు ఉంటుంది. తొండం పొట్టిగా ఉండి పందిలా కనబడింది. ముస్లింలు నొచ్చుకోవడంతో ప్రభుత్వం ఆపేసి చాలావాటిని కరిగించింది, 1912లో ఏనుగును సరిచేసింది. అందుకే నీ దగ్గరున్నదాన్ని ‘పంది రూపాయి’ అంటారు. తూకం 11.66 గ్రాములుండాలి, అయస్కాంతానికి అంటకూడదు. నలుపును ముట్టుకోకు. నేను కుర్రతనంలో 1840 విక్టోరియా రూపాయిని గిన్నెల పౌడరుతో తళతళా తోమి మద్రాసులో చూపిస్తే, ఆ షాపాయన తక్కెడ తీశాడు. వెండి ధర కట్టాడు, అంతే.

ప్రశ్న: మా అత్తగారి కాసులపేరులో ఒక కాసు మీద 1918 అని, దానిపైన చిన్న ‘ఐ’ అనే ఇంగ్లీషు అక్షరం ఉంది. కరిగించి పాపకు గొలుసు చేయించొచ్చా?
– కందుకూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ‘ఐ’ అంటే ఇండియా. బ్రిటిష్ వాళ్ల టంకశాల రాయల్ మింట్ బొంబాయి శాఖ ఆ ఒక్క ఏడాదే సవరన్లనే ఈ బంగారు నాణేలు వేసింది, పన్నెండు లక్షల తొంభై వేల పైచిలుకు. కాబట్టి మరీ అరుదేం కాదు. 22 క్యారెట్లు, 7.98 గ్రాములు. మనవైపు ఎనిమిది గ్రాముల్ని ‘సవర’ అనేది దీన్నిబట్టే. కొక్కెం అతికించారు గనక సేకరించేవాళ్లు ఎక్కువివ్వరు, బంగారం ధర మాత్రం ఎక్కడికీ పోదు. గొలుసు తప్పదంటే లక్ష్మీకాసు ఒకటి కరిగించండి. దీన్ని ఉంచండి. కొక్కెం మాత్రం ఊడదీయించకండి, కంసాలి సెగ తగిలితే జార్జిగారి ముక్కు మిగలదు.