ఫోన్‌నీ కంప్యూటర్‌నీ కలిపే కంపెనీ పెడితే నిలుస్తుందా?

ప్రశ్న: సార్, మేం ముగ్గురం ఇంజినీరింగ్‌లో క్లాస్‌మేట్లం. ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు, నోటిఫికేషన్లు, ఫొటోలు కంప్యూటర్‌లో కనిపించేలా ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. ఫోన్‌లో కాపీ చేసింది కంప్యూటర్‌లో పేస్ట్ కూడా అవుతుంది. డెమో చూసినవాళ్లంతా బాగుందన్నారు. ఉద్యోగాలు మానేసి స్టార్టప్ పెడదామని ఇద్దరం అంటున్నాం, ఒకరు వద్దంటున్నారు. మీరేమంటారు?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందుగా, ఆ వద్దంటున్న మనిషిని వదులుకోకండి. రేపు కంపెనీకి అందరికంటే ఎక్కువ పనికొచ్చేది ఆయనే.

డెమో బాగుందన్న మాటకి పొంగిపోవద్దు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ డెమోలో ఎప్పుడూ బాగానే ఉంటుంది. నాకూ ఇలాంటివంటే సరదా. మీ ఉత్తరాల్లో చాలావరకు నా ఫోన్‌కే వస్తాయి, వాటిని కంప్యూటర్‌లోకి లాక్కోవడం నాకు రోజూ ఉండే పని. ఇన్నేళ్లలో ఆ పనికి నేను ఎవరికీ ఒక్క రూపాయి కట్టలేదు. మీ అసలు చిక్కు అక్కడుంది.

అమెరికాలో పుష్‌బులెట్ అనే స్టార్టప్ 2013లో మొదలైంది. దాదాపు మీరు చెప్పిన పనులే చేసేది, అదీ ఉచితంగా. బాగా పేరొచ్చింది. 2015 నవంబర్‌లో వాళ్లు ఏడాదికి 39.99 డాలర్ల ప్లాన్ పెట్టారు. కట్టనివాళ్లకి నెలకి 100 మెసేజ్‌లే. ఇక్కడ కాపీ, అక్కడ పేస్ట్ చేసే సదుపాయం కూడా కట్టినవాళ్లకే. అంతవరకూ మెచ్చుకున్నవాళ్లే తిట్టిపోశారు. ఆ ధర అన్యాయమని నేననను, సర్వర్లు ఊరికే నడవవు కదా. కానీ పెళ్లి భోజనంలో పెరుగన్నం దాకా వచ్చాక టోకెన్ ఏదని అడిగితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. డబ్బు తీసుకునే ఉద్దేశం ఉంటే మొదటిరోజే చెప్పండి.

దానికితోడు మీకు పోటీగా ఉన్నవి చాలావరకు ఉచితం. మైక్రోసాఫ్ట్ 2018లో ‘యువర్ ఫోన్’ తెచ్చింది, ఇప్పుడు దాని పేరు ‘ఫోన్ లింక్’. యాపిల్ 2014 నుంచే ఐఫోన్‌నీ మ్యాక్‌నీ కలిపేస్తోంది. ఇదే పని చేసే కేడీఈ కనెక్ట్ అనే యాప్‌ని వాలంటీర్లు రాస్తున్నారు, దాని కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. నేను వాడేది అదే.

డబ్బు సంగతి ఎలాగో తేల్చుకున్నా, ఫోన్ మీ చేతిలో ఉండదు. మీరు గొప్పగా చెప్పుకున్న కాపీ-పేస్ట్‌నే తీసుకుందాం. తెర మీద లేని యాప్ ఏదీ క్లిప్‌బోర్డ్‌ని, అంటే మనం కాపీ చేసింది ఫోన్ దాచుకునే చోటుని, చదవకూడదని 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10లో గూగుల్ నియమం పెట్టింది. మంచి నియమమే. మనం పాస్‌వర్డ్ కాపీ చేస్తే ఏదో టార్చిలైట్ యాప్ చదివేస్తుంటే ఊరుకుంటామా? అయితే ఆ దెబ్బ మంచి యాప్‌లకీ తగిలింది. నేను ఫోన్‌లో కాపీ చేశాక కేడీఈ కనెక్ట్‌లో ‘సెండ్ క్లిప్‌బోర్డ్’ అని మళ్లీ విడిగా నొక్కాలి. మరి అదే ఏడాది వచ్చిన శాంసంగ్ గెలాక్సీ నోట్ 10లో మైక్రోసాఫ్ట్ వాళ్ల ‘లింక్ టు విండోస్’ (ఇందాకటి ఫోన్ లింక్‌కి ఫోన్‌లో ఉండే జోడీ) ఫోన్‌తోపాటే వచ్చింది. ఫోన్ కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్లకి దొరికే అనుమతులు ప్లేస్టోర్‌లోంచి దిగే మీ యాప్‌కి దొరకవు.

ఎస్సెమ్మెస్‌ల దగ్గరా ఇదే తంతు. వాటిని చదివే అనుమతిని గూగుల్ 2019 జనవరి నుంచి బాగా బిగించింది. మెసేజ్‌లని ఇంకో పరికరంలో చూపించే యాప్‌లకి మినహాయింపు ఉందిగానీ, దరఖాస్తు పెట్టి వాళ్లని ఒప్పించుకోవాలి. ఐఫోన్‌లో అయితే మీ యాప్‌కి ఎస్సెమ్మెస్‌ల పెట్టె అసలు తెరుచుకోదు. ఇవన్నీ దాటాక, బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌లని చంపేసే ఫోన్లు ఉంటాయి. అప్పుడు కస్టమర్ తిట్టేది ఫోన్‌ని కాదు, మిమ్మల్ని.

ఇజ్రాయెల్‌లో స్క్రీనొవేట్ అనే స్టార్టప్ వేరే దారి పట్టింది. తన సాఫ్ట్‌వేర్‌ని ల్యాప్‌టాప్ తయారుచేసే కంపెనీలకి అమ్ముకుంది. డెల్ ల్యాప్‌టాప్‌లని ఫోన్‌తో కలిపిన ‘డెల్ మొబైల్ కనెక్ట్’ వెనక ఉన్నది వాళ్ల పనే. తర్వాత ఇంటెల్ ఏకంగా ఆ కంపెనీనే కొని, 2022లో ‘యూనిసన్’ పేరుతో విడుదల చేసి, 2025లో ఆపేసింది. అమ్ముకున్నవాళ్ల సంగతి వాళ్లది. వాడుకున్నవాళ్లు మాత్రం ఇంకోటి వెతుక్కున్నారు.

అయితే అందరికీ పనికొచ్చేది కాకుండా, ఒక్క రకం ఆఫీసు బాధ తీర్చేది చేయండి. మా వీధిలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు ఉంది. నెల మొదట్లో వెళ్లి చూడండి, షాపులవాళ్లు పంపిన బిల్లుల ఫొటోలతో గుమాస్తా ఫోన్ నిండిపోయి ఉంటుంది. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ విడదీసి ఫొటో పెద్దది చేసి, 15 అక్షరాల జీఎస్టీ నంబర్‌ని కుడిచేత్తో ఒక్కో అక్షరం టైప్ చేస్తుంటాడు. సున్నానా, ‘ఓ’నా అని మధ్యలో ఆగుతాడు. ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి దించితే ఫైళ్ల పేర్లు ‘వాట్సాప్ ఇమేజ్’ అనే మొదలవుతాయి, ఏది ఏ షాపుదో తెలీదు. అందుకే ఫోన్‌లో చూసి కొట్టడమే నయమంటాడు. షాపువాడు పంపిన బిల్లు ఆ షాపు పేరున్న ఫోల్డర్‌లో తేదీతో సహా పడి, నంబర్ దానంతటదే పూర్తయితే, ఆ ఆడిటర్ గారు నెలకింత అని కడతారనే నా నమ్మకం. అలా కట్టే ఆఫీసులు నాలుగు దొరికేదాకా ఉద్యోగాలు మానకండి.

ప్రశ్న: ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి పెడితే చార్జింగ్ ఎక్కుతోందిగానీ ఫొటోలు కనపడటం లేదు. ఫోన్ పాడైందా?
– ఫొటో స్టూడియో యజమాని, తెనాలి

జవాబు: లేదండీ. ఫోన్ లాక్ తీసి, పైనుంచి కిందికి లాగితే ‘చార్జింగ్ దిస్ డివైస్ వయా యూఎస్‌బీ’ అని కనపడుతుంది. దాన్ని నొక్కి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోండి. ఆ మాటే రాకపోతే కేబుల్ మార్చండి. కొన్ని చవక కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు.

ప్రశ్న: జిరాక్స్ షాపులో ఆధార్ ప్రింట్ కోసం వాళ్ల కంప్యూటర్‌లో నా వాట్సాప్ తెరిచాను. మూసేశానో లేదో గుర్తులేదు. ఇంటికొచ్చి ఫోన్ స్విచ్ఛాఫ్ చేశాను. ఇంకా టెన్షన్‌గానే ఉంది.
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: స్విచ్ఛాఫ్ చేస్తే సరిపోదమ్మా. ఒకప్పుడు ఫోన్‌లో నెట్ ఆగితే కంప్యూటర్‌లో వాట్సాప్ కూడా ఆగేది. ఇప్పుడు అలా కాదు, ఫోన్ ఆపినా అక్కడ నడుస్తూనే ఉంటుంది. 14 రోజులు ఫోన్‌లో వాట్సాప్ వాడకపోతే దానంతటదే తెగిపోతుందిగానీ, మీరు రోజూ వాడతారు కదా. ఫోన్ ఆన్ చేసి, వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’కి వెళ్లండి. మీది కాని కంప్యూటర్ ఏది కనిపించినా దాన్ని నొక్కి ‘లాగ్ అవుట్’ కొట్టండి. అంతటితో చాట్లు వాళ్లకి కనపడవు.

ఆధార్ ఫైలు మాత్రం వాళ్ల ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డర్‌లో మిగిలే ఉంటుంది. మొహమాటపడకుండా వెళ్లి దాన్ని తీసేయించి, రీసైకిల్ బిన్‌నీ ఖాళీ చేయించండి. ఈసారి ప్రింట్ కావాలంటే, ముందు 8 అంకెలు కనపడని ‘మాస్క్‌డ్ ఆధార్’ని ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సంస్థ సైట్‌లోంచి దించుకుని తీసుకెళ్లండి.