క్యూ చేతికొచ్చి యూ రాకపోతే

అక్షరాల బిళ్లలతో ఇంగ్లిష్ మాటలు కట్టే స్క్రాబుల్ ఆడుతున్నారు. మీ ఏడు బిళ్లలు క్యూ, ఎఫ్, ఏ, ఐ, ఆర్, టి, ఇ. మీరు ‘ఆఫ్టర్’ వేసి 8 పాయింట్లతో సరిపెట్టుకున్నారు, క్యూ అలాగే మిగిలిపోయింది. అయ్యో, చేతిలో ‘ఫకీర్’ ఉందండి! ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్, స్క్రాబుల్‌లో చెల్లుతుంది, 17 పాయింట్లు. మాట మొత్తాన్నీ రెట్టింపు చేసే డబుల్ వర్డ్ గడి తగిలితే 34.

క్యూ తర్వాత యూ ఉండి తీరాలన్నది బళ్లో పట్టిన అలవాటు. సంచిలో యూలు నాలుగే, ఐలు తొమ్మిది. అందుకే ముందు క్యూ-ఐ, ‘చీ’ అని పలికే రెండక్షరాల మాట (చైనా వాళ్లు చెప్పే ప్రాణశక్తి), నేర్చుకోండి. అక్షరం విలువను మూడింతలు చేసే ట్రిపుల్ లెటర్ గడిలో క్యూ పెట్టి, అడ్డంగా ఒక క్యూ-ఐ, నిలువుగా ఒకటి వచ్చేలా చూసుకుంటే ఒక్కోదానికి 31 (క్యూకి మూడు పదులు, ఐకి ఒకటి), మొత్తం 62! ఒక ఐ ముందే బోర్డు మీద ఉండాలి, అంతే. ఎక్స్‌కూ ఇదే కిటుకు: ఏ-ఎక్స్, ఓ-ఎక్స్, ఎక్స్-ఐ.

పొడుగు మాటల కోసం మరీ పాకులాడకండి, ఏడు బిళ్లలూ ఒకేసారి దిగితే తప్ప. అప్పుడు అదనంగా 50 వస్తాయి కాబట్టి ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్లనూ, మాటల చివర తగిలించగల ఎస్‌నూ దానికోసం దాచుకోవచ్చు. నేనైతే ఎస్‌ను పది పాయింట్ల కోసం ఖర్చు చేయను.