జ్వరం తగ్గింది, కార్డ్ టెస్ట్ నెగెటివ్... డెంగ్యూ లేనట్టేనా?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు, జ్వరం మొదలై ఆరు రోజులు. నిన్న డెంగ్యూ ఎన్ఎస్1 కార్డ్ టెస్ట్ నెగెటివ్, టైఫాయిడ్‌కి చేసే వైడాల్ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చాయి. ఆర్ఎంపీ గారు టైఫాయిడ్ అని ఇంజెక్షన్లు చేస్తున్నారు, ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ కూడా ఇచ్చారు. జ్వరం తగ్గింది గానీ కడుపునొప్పి, వాంతులు, బాగా నీరసం. ఈ కార్డ్ టెస్టులు నమ్మొచ్చా?
- ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, టెస్టు సంగతి తర్వాత, ముందు తమ్ముణ్ని ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లండి. జ్వరం తగ్గాక కడుపునొప్పి, వాంతులు, నీరసం ఉన్నాయంటే నాకు మొదట డెంగ్యూనే అనుమానం. డెంగ్యూలో అసలు ప్రమాదం జ్వరం దిగేటప్పుడే, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోవచ్చు. మనిషి మగతగా ఉన్నా, చేతులు కాళ్లు చల్లబడ్డా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, యూరిన్ తగ్గినా గంట కూడా ఆగొద్దు. చూడకుండా ఇదేనని నేను చెప్పలేను, కానీ ఇంట్లో కూర్చుని తేల్చుకునే కేసు మాత్రం కాదు.

ఇక కార్డ్. ఎన్ఎస్1 అంటే డెంగ్యూ వైరస్ ప్రొటీన్, దాన్ని ఈ టెస్టు జ్వరం మొదలైన నాలుగైదు రోజుల్లోనే బాగా పట్టుకుంటుంది, మీరు ఆలస్యంగా చేయించారు, పైగా ఇంతకుముందు డెంగ్యూ వచ్చినవాళ్లలో అది ఇంకా తప్పుతుంది, అందుకని నెగెటివ్ అంటే లేదని కాదు. ఇప్పుడు కావాల్సింది ఐజీఎం (డెంగ్యూకి ఒంట్లో తయారైన యాంటీబాడీలు చూసే టెస్టు), వీలైతే కార్డ్ కాకుండా ల్యాబ్‌లో ఎలైజా పద్ధతిలో, దాంతోపాటు సీబీపీ, అంటే రక్తకణాల లెక్క. అందులో అందరూ ప్లేట్‌లెట్లే చూస్తారు, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) కూడా చూడమనండి, అది పెరుగుతోందంటే రక్తం చిక్కబడుతోందని. మలేరియా కార్డ్ కూడా చేయించండి, ఏజెన్సీ వైపు వెళ్లొచ్చి ఉంటే తప్పనిసరి.

వైడాల్ ఒక్కసారి పాజిటివ్ వస్తే టైఫాయిడ్ అని రాసేయడం చూసి చూసి విసుగొచ్చింది. మన దగ్గర పాత ఇన్ఫెక్షన్ వల్ల, వేరే జ్వరాల్లో కూడా పాజిటివ్ వస్తుంది. టైఫాయిడ్ తేల్చాలంటే యాంటీబయాటిక్ వేయకముందే బ్లడ్ కల్చర్ తీయాలి, ఇంజెక్షన్లు పడ్డాక అది నెగెటివ్ రావచ్చు.

డైక్లోఫెనాక్ మాత్రం వెంటనే ఆపండి, ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ కూడా వద్దు, డెంగ్యూ అయితే బ్లీడింగ్ రిస్క్ పెరుగుతుంది. జ్వరం వస్తే పారాసెటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పిన డోసులోనే. తాగగలిగితే దారిలో ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా పట్టండి. చేసిన ఇంజెక్షన్ల చీటీలు, ఖాళీ సీసాలు వెంట తీసుకెళ్లండి, అక్కడి డాక్టరుకి అవి చాలా అవసరం.