బీఫ్ తినకుండా యాకినికు హోటల్లో గడపడం ఎలా?

టోక్యోలో ఆఫీసువాళ్లు యాకినికుకి (బల్లమీదే మాంసం కాల్చుకు తినే జపాన్ హోటలు) రమ్మంటున్నారు, బీఫ్, పంది ముట్టను, ఎలా అన్నారు కదండీ. నిక్షేపంగా వెళ్లండి. మెనూలో 'తోరి' కోడి, 'ఎబి' రొయ్య. కరుబి, రోసు, హరామి, తాన్ మాత్రం మామూలుగా బీఫే.

అసలు చిక్కల్లా బల్ల మధ్యనుండే ఆ ఒక్క పొయ్యితోనే. అందరి ముక్కలూ దానిమీదే కాలతాయి, కొవ్వు కారి జాలీకి నల్లగా అట్టకడుతుంది. అందుకని మొదట మీ కోడిముక్కలే వేసేయండి. ఆలస్యమైతే 'అమి కోకన్ ఒనెగాయ్‌షిమాస్' అనండి, జాలీ మార్చేస్తారు. చాలాచోట్ల దీనికి డబ్బు తీసుకోరు. పట్టకారు వేరేది అడగడానికి మొహమాటపడకండి. సాస్ వద్దు, 'షియో' అంటే ఉప్పుతో ఇస్తారు. సూపుల జోలికి పోవద్దు, చాలావాటిలో గొడ్డు ఎముకల రసం ఉంటుంది.

చోటు ఎంచుకునే వీలు మీకుంటే యాకితోరి (పుల్లకి గుచ్చి కాల్చిన కోడిముక్కలు) కొట్టే నయం, అక్కడ ప్రధానంగా కోడే. 'బుతబరా' లాంటివి తప్పించండి, అది పంది.